అమ్మ ముట్టని నెయ్యి

మా అక్కకి మోచేతులు దాటి కిందికి దిగే జాకెట్లు తప్ప ఇంకోరకం కుట్టించేది కాదు అమ్మ. మాచర్లలో మాకు బట్టలు కుట్టే ఆయన ప్రతిసారీ అడిగేవాడు, "ఎండాకాలం గదమ్మా, పొట్టి చేతులు పెట్టేదా?" అని. అమ్మ వినిపించుకునేది కాదు. పల్నాటి ఎండల్లో, రాయి కూడా పగిలే వేసవిలో, అక్క అంత గుడ్డా కప్పుకుని తిరిగేది. ఎందుకంటే అక్క చేతులు ఆడపిల్ల చేతుల్లా ఉండేవి కావు. లావు కాదు, అలాగని పుల్లల్లానూ కాదు. కండలు తేరి, వాటి మీద పచ్చటి నరాలు తాళ్ళు పరిచినట్టు పైకి తేలి ఉండేవి. పిక్కలూ అంతే. మొహం మాత్రం గుండ్రంగా, నిండుగా ఉండేది. మొహం ఒకరిదీ చేతులు ఇంకొకరివీ తెచ్చి అతికించారా అనిపించేది నాకు.

మాచర్లకీ గురజాలకీ మధ్యలో ఉంటుంది మా ఊరు. ఊళ్ళో వాళ్ళ నోటికి అడ్డూ అదుపూ లేదు. "నీకు కాడెద్దు ఒకటి తగ్గినా దిగుల్లేదు, పెద్దపిల్ల ఉండిద్ది" అని నాన్నతో పరాచికాలాడేవాళ్ళు. నాన్న నవ్వేవాడు. అమ్మ మాత్రం ఆ మాట అన్నవాళ్ళింటికి మజ్జిగ పంపడం మానేసేది. ఒక్కో ఎండాకాలం సగం వీధికి మా ఇంటి మజ్జిగ బంద్.

అమ్మకి అంత కోపం ఎందుకంటే ఆమె చేతులూ అవే. గిన్నెలు తోమేటప్పుడు కొంగు బిగించి చేతులు పైకి లాక్కుంటే మోచేతి నుంచి మణికట్టు దాకా నరాలు లెక్కపెట్టొచ్చు. నావి మామూలు చేతులు. ఆ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పట్లో రోజూ పొద్దున్నే అద్దం ముందు చెయ్యి మడిచి చూసుకునేదాన్ని, నాకూ వస్తున్నాయేమో అని. ఒక్కచోట కుదురుగా కూర్చునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. దానికి ఈ అనుమానం తోడయ్యాక కాలుగాలిన పిల్లిలా తిరగడమే నా పని.

ఈ చేతులకి అమ్మ దగ్గర ఒకటే మందు ఉండేది. నెయ్యి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడక్కుండానే పెట్టేది, వద్దన్నా పెట్టేది, పారిపోతే వెంటపడి పెట్టేది. పెరట్లో రెండు బర్రెలు. వెన్న కాచిన రోజు ఇల్లంతా ఆ వాసనే. అక్క ఎంత పెద్దదైనా సరే, అమ్మ కంచం ముందు కూర్చుని తానే కలిపి, తన చేత్తోనే ముద్దలు పెట్టేది. ప్రతి ముద్ద మీదా నెయ్యి గుంట చేసి పోసేది. "ఇంకో ముద్ద తినవే, ఒళ్ళొచ్చిద్ది" అనేది. అక్క కడుపు నిండి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వదిలేది కాదు. మొహం నిండింది, పొట్ట నిండింది, చేతుల కండల మీద మాత్రం పూసంత కొవ్వు కూడా పట్టలేదు. అమ్మ తన లెక్క తప్పనుకోలేదు, నెయ్యి చాలడం లేదనుకుంది.

ఇంతమందికి ఇంత నెయ్యి పోసిన మనిషి తను మాత్రం ముట్టేది కాదు. పండగనాడు బొబ్బట్టు కూడా నూనెతో కాల్చుకుని తినేది. అడిగితే, "మా అమ్మకి దక్కని నెయ్యి నాకెందుకు" అనేది. మా అమ్మమ్మ బాలింతగా ఉండగా పోయింది. అమ్మ అప్పుడు చిన్నపిల్ల. బాలింతకి నెయ్యి చాలక పోయింది అని మా చుట్టాల్లో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. ఆనాటి నుంచి అమ్మ నెయ్యి వదిలేసింది. కాశీకి పోయి వదిలినవాళ్ళు కూడా మధ్యలో మర్చిపోయి తింటారు గానీ మా అమ్మ మర్చిపోలేదు.

అక్కకి పెళ్ళయింది, నెల తప్పింది, ఏడో నెలలో పురుటికి తీసుకొచ్చారు. మిరప కోతల కాలం అది. నాన్న కల్లం దగ్గరే ఉండేవాడు. నేను నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ సెలవులకి వచ్చాను. గుమ్మంలో అడుగుపెట్టేసరికే మినుములు వేగిన వాసన. అమ్మ తిరగలి ముందు కూర్చుని సున్నుండలకి పిండి విసురుతోంది. పక్కన బెల్లం, ఆ పక్కన నెయ్యి డబ్బా. కడుపుతో ఉన్న పిల్లకి సున్నుండలు పెట్టడం మా వైపు మామూలే. అమ్మ చేస్తే మామూలుగా ఉండదు గదా. పిండి మునిగేదాకా నెయ్యి పోసి, ఉండ చేస్తే వేళ్ళ సందుల్లోంచి కారేది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. వీటికి తోడు అన్నంలో నెయ్యి.

ఒక మధ్యాహ్నం అన్నం తిని లేస్తూనే అక్క కూలబడింది. కడుపు పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతోందంది. వాంతులు. పడుకోలేకపోయింది, నిలబడలేకపోయింది. చివరికి గోడవారన చుట్టి పెట్టిన పరుపుని వాటేసుకుని, ముందుకు వంగి మూలుగుతూ కూర్చుంది. నేను అమ్మని కేకేశాను. అమ్మ పరుగున వచ్చి, అక్క అలా వంగి కూర్చోవడం చూసి గడప దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని వణుకుతోంది. నాకు ఒళ్ళు మండింది. "ఏందమ్మా అట్టా నిలబడ్డావు, పట్టుకోవా!" అని అరిచాను. కాన్పు నొప్పులేమో అని భయపడిందనుకున్నాను.

మాచర్లలో చూపించాం. అక్కడ ఒక డాక్టరు చెయ్యి చూసి, కడుపు నొక్కి, అల్సరన్నాడు. కారం మానేసి, పాలు బాగా తాగమన్నాడు. ఆ రోజుల్లో అల్సరంటే పాలే మందు. అమ్మకి ఆ మాట పంచామృతం. చిక్కటి బర్రెపాలు, మీగడ తియ్యకుండా, పూటకి ఒక చెంబు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. తగ్గినట్టే తగ్గిన నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. ఈసారి అక్క మూలగడానికి కూడా ఓపిక లేక పరుపు మీద తల వాల్చేసింది. కడుపులో బిడ్డ కదలడం లేదని ఏడ్చింది.

నరసరావుపేట తీసుకుపోదామని పట్టుబట్టింది నేనే. మాచర్ల రైలు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అప్పటికి ఆ దారిలో చిన్న పట్టాలే, బండి ఎడ్లబండి కంటే కాస్త నయం. ప్రతి స్టేషన్లో ఆగి ఊపిరి తీసుకునేది, పైగా దారిలో బండి మారాలి. అక్క అమ్మ ఒళ్ళో వంగి ఉంది. నాన్న కిటికీలోంచి చూస్తూ చుట్ట వెలిగించడం, ఆర్పడం. నేను పెట్టె ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. నేను నడిస్తే బండి తొందరగా పోతుందని కాదు. కూర్చుంటే అక్క చచ్చిపోతుందేమోనన్న మాట బుర్రలో స్థిరపడుతుందని భయం. ఎదురు బెంచీ మీద ఒక సాయిబుగారు "కూర్చో బేటీ, నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నయ్" అని చోటిచ్చాడు. కూర్చుని, వెంటనే లేచాను.

నరసరావుపేటలో డాక్టరమ్మ అక్కని బల్ల మీద పడుకోబెట్టకుండా, కూర్చోబెట్టే రక్తం తీసింది. సిరంజిలోకి వచ్చిన రక్తం ఎర్రగా లేదు. టమాటా రసంలో పాలు కలిపినట్టు లేత గులాబీ రంగులో ఉంది. డాక్టరమ్మ సెలైను పెట్టించి, నోటి ద్వారా మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దని చెప్పి, రక్తం పోసిన గాజు గొట్టాన్ని కిటికీలో నిలబెట్టింది. కాసేపయ్యాక మమ్మల్ని లోపలికి పిలిచి చూపించింది. అడుగున ఎర్రగా పేరుకున్న రక్తం. పైన సగం దాకా తెల్లగా, చిక్కగా, మీగడ.

అమ్మ దగ్గరకి పోయి చూసింది. ఆమె మొహం విప్పారింది. "పాలు బాగా తాగింది గదమ్మా, రక్తానికి పట్టినయ్. మంచిదే గదా?" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. అమ్మని కుర్చీలో కూర్చోమంది. "మంచిది కాదమ్మా. ఆ తెల్లదంతా కొవ్వు. మనం తిన్న కొవ్వు చర్మం కింద చేరి నిలవుండాలి. మీ అమ్మాయికి చేతుల్లో, కాళ్ళల్లో ఆ చోటే లేదు. పోయే చోటు లేక రక్తంలోనే తిరుగుతోంది. దానివల్ల కడుపులో క్లోమం వాచింది. కడుపుతో ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువవుతుంది. ఇక నెయ్యి, పాలు, నూనె చుక్క కూడా వద్దు. ఇంకోసారి ఇట్లా వస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు" అంది. తర్వాత అమ్మ చేతుల వైపు చూసి, అడక్కుండానే జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. "మీవీ ఇంతేనా? మీరు నెయ్యి తినరా?"

"ముట్టను" అంది అమ్మ.

"అందుకే మీరు రెండు కాన్పులూ గట్టెక్కి ఉంటారు" అంది డాక్టరమ్మ. నేను ఆ మాటని పెద్దగా పట్టించుకోలేదు. అమ్మ మాత్రం జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని, ఆ రోజంతా దాన్ని సర్దుకుంటూనే ఉంది.

ఎందుకిలా పుడతారని డాక్టరమ్మని నిలదీశాను. కుటుంబాల్లో వస్తుందని తెలుసు గానీ ఎందుకో తనకి తెలియదంది. తెలియదు అన్నందుకు ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, తెలియనిది తెలియదని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. నిజానికి అప్పటికి ఎవరికీ తెలియదట. చాలా ఏళ్ళ తర్వాత, అక్క కూతురికి కూడా చేతుల మీద నరాలు తేలాక, హైదరాబాదులో పరీక్ష చేయించి ఒక కుర్ర డాక్టరు నాకు ఓపిగ్గా చెప్పాడు. మన ఒంట్లో జన్యువులను నడిపించే ప్రోటీన్లని కొన్ని ఉంటాయట. కణం లోపల కూర్చుని, ఏ జన్యువు పనిలోకి దిగాలో, ఏది ఊరుకోవాలో చెప్పడమే వాటి పని. వాటిలో ఒకదానిది కొవ్వు మీద పెత్తనం. అది చెబితేనే కొవ్వు కణాలు తయారవుతాయి, తిన్న కొవ్వుని లోపలికి తీసుకుని దాచుకుంటాయి. మా ఇంటి ఆడవాళ్ళలో కొందరికి ఆ ప్రోటీన్‌లో పుట్టుకతోనే లోపం ఉందట. నాకు మిరప కోతలు గుర్తొచ్చాయి. కూలీలు దిగారు, బుట్టలు నిండాయి, కాయ ఏ కల్లంలో పొయ్యాలో చెప్పే మేస్త్రీ రాలేదు. ఇంకేముంది, కాయంతా దారి పొడుగునా పడి కుళ్ళుతుంది. అమ్మ చేసిందేమిటంటే, మేస్త్రీ లేని చేలోకి ఇంకా ఇంకా కూలీలను పంపడం. ఆ కుర్ర డాక్టరుకి ఈ మాట చెబితే నవ్వి, సరిగ్గా అంతే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

సెలైన్ల మీద, ఉపవాసాల మీద అక్క తేరుకుంది. నెలలు నిండాక అక్కడే ఆడపిల్లను కన్నది. నేను కాలేజీ ఎగ్గొట్టి హాస్టలుకీ ఆసుపత్రికీ మధ్య తిరిగాను. బిడ్డ పుట్టగానే అందరూ పోలికలు చూస్తుంటే, నేను గుడ్డ విప్పి చేతులు చూశాను. పసిగుడ్డు చేతుల్లో ఏం తెలుస్తుంది? అయినా ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ పిల్ల చేతులు చూడకుండా ఉండలేకపోయాను.

బాలింతని ఇంటికి తెచ్చాక మొదలైంది అసలు గోల. గంజి, చారన్నం, వెన్న తీసిన మజ్జిగ. ఉడకబెట్టిన కూరలు. మా ఊళ్ళో బాలింతకి వేడన్నంలో వెల్లుల్లి కారం, కాచిన నెయ్యి పెట్టని ఇల్లు లేదు. లేనివాళ్ళు కూడా అప్పు తెచ్చి పెడతారు. చూడవచ్చిన ప్రతి అమ్మలక్కా వంటింట్లోకి తొంగిచూసి బుగ్గలు నొక్కుకునేది. దానికి తోడు అక్కకి పాలు సరిగ్గా పడలేదు. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. పక్కింటి పిన్ని అమ్మ ముందే అనేసింది, "నెయ్యి చుక్క లేకుండా పాలెట్టా పడతయ్యే? మీ అమ్మని అట్టా పోగొట్టుకున్నావు. కూతుర్ని కూడా ఎండబెట్టి చంపుకుంటావా? పాడి పెట్టుకుని ఇదేం పాపమే!"

అమ్మ లేచి పోయి నెయ్యి డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. అక్కకి మళ్ళీ నెయ్యి పెడుతుందేమోనని నాకు కాళ్ళు నిలవలేదు. నాన్నకి చెబితే "డాక్టరు చెప్పాక కూడా ఎందుకు పెట్టిద్దే" అని కొట్టిపారేశాడు. నేను కాలేజీకి పోకుండా వంటింటికి కాపలా కాశాను. నెయ్యి డబ్బా అటక మీద పెట్టాను, మళ్ళీ నమ్మకం చాలక నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. నా బట్టలన్నీ నెయ్యి వాసన.

ఒక పొద్దున పిల్లకి స్నానం చేయించి లోపలికి వచ్చేసరికి, అమ్మ అక్క మంచం పక్కన కూర్చుని ఉంది. కంచంలో పొగలు కక్కే అన్నం, వెల్లుల్లి కారం, మధ్యలో గుంట నిండా పచ్చగా మెరుస్తున్న నెయ్యి. ఎవరింటి నుంచి తెచ్చిందో తెలియదు. ముద్ద కలిపి చెయ్యి పైకెత్తింది. అక్క నోరు తెరిచింది. అమ్మ పెడితే నోరు తెరవడం అక్కకి చిన్నప్పటి నుంచీ అలవాటే.

పిల్లను మంచం మీద పడేసినంత పని చేసి, ఒక్క ఊపున కంచం ఎగరగొట్టాను. నెయ్యి నేలంతా పారింది. అమ్మ నా చెంప మీద కొట్టింది. అంతకు ముందు ఎప్పుడూ కొట్టలేదు.

"చంపుతావా దాన్ని?" అని అరిచాను.

"నేనా చంపేది? తినకపోతే చచ్చిద్దే! నీకేం తెలుసే!" అంది అమ్మ. "నేను కళ్ళారా చూశా. మా అమ్మకి పురిటి స్నానం కూడా కాలేదు. పాడి ఎండిపోయి ఇంట్లో నెయ్యి చుక్క లేదు. మనిషి పాలిపోయింది. బాలింతకి నెయ్యి లేదంట అని ఊరంతా తెలిసి, తలా గిన్నెడు తెచ్చి ఇచ్చారు. చానా మంచోళ్ళు ఆ రోజుల్లో. మా అమ్మ వద్దంది, వికారంగా ఉందంది. ఎవురు పెట్టినా నోరు తెరవలా. 'నువ్వు పెట్టవే, నీ మొహం చూసి తినిద్ది' అన్నారు నన్ను. నేను కలిపి పెట్టా. నా మొహం చూసి తిన్నది. అంతా తిన్నది. మధ్యాన్నానికల్లా నొప్పని రోలు వాటేసుకుంది. ముందుకి వంగి, అట్టా వాటేసుకుని..."

అమ్మ ఆగిపోయింది.

ఆ రోజు అక్క వాటేసుకున్న పరుపు చుట్ట గోడవారనే ఉంది, దాని వైపు చూసింది అమ్మ. ఆ తర్వాత కింద పారిన నెయ్యి వైపు. గుమ్మం పట్టుకుని ఆమె ఆ రోజు ఎందుకు వణికిందో అప్పుడు అర్థమైంది నాకు. ఆలస్యంగా అందిన నెయ్యి అమ్మమ్మని బతికించలేకపోయిందని ఇంతకాలం ఏడ్చింది. తను నెయ్యి వదిలేసింది అందుకే. వదిలేసింది గనకే తను బతికింది. డాక్టరమ్మ చెప్పిన మాట అన్ని నెలలుగా ఆమె లోపల తిరుగుతూనే ఉండి ఉంటుంది, కూర్చునే చోటు దొరక్క.

"ఏమే," అంది నా వైపు తిరిగి. "మా అమ్మకి కూడా ఇదేనంటావా?"

మనసులో మాట దాచుకోవడం నా జన్మలో లేదు. ఎదుటివాళ్ళ మొహం మీద అనేసి, తర్వాత తిట్లు తినడమే నాకు తెలిసింది. ఆ రోజు మాత్రం, "కాదమ్మా. అమ్మమ్మది వేరే జబ్బు. అప్పట్లో పురిటి జ్వరాలతో ఎంతమంది పోలేదు!" అన్నాను.

"నీకు అబద్ధమాడటం చేతగాదే" అంది అమ్మ.

పాత గుడ్డ తెచ్చి నేల తుడిచింది. నెయ్యి జిడ్డు ఒక పట్టాన పోదు. వేడినీళ్ళు పోసి, బూడిద చల్లి, మళ్ళీ తుడిచింది. చేతులు కడుక్కుని వంటింట్లోకి పోయి చారన్నం కలుపుకుని వచ్చింది. మంచం పక్కన కూర్చుని ముద్ద చేసి, అక్క నోటి దాకా చెయ్యి తీసుకుపోయి, వెనక్కి తీసుకుంది. కంచం నా వైపు జరిపింది.

"నువ్వు పెట్టవే" అంది.

పెట్టాను. అక్క అమ్మ మొహమే చూస్తూ తిన్నది.